చిన్న కోడలి ముసుగు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఏమిటంటే, మా పాప మూసేసిన కారులో ఉండిపోవడం, ఆ సంగతి మాకెవరికీ తెలియకపోవడం. ఇది కారు కొన్నాక పుట్టిన భయం కాదు. కారు కొందామని మా ఆయన అన్న రోజే పుట్టింది. నా భయాలకు నెలలు నిండేదాకా ఆగే ఓపిక ఉండదు.

"ఎక్కడెక్కడి వార్తలూ మనింటికే మోసుకొస్తావు. తొమ్మిదో తరగతితో బడి ఆపేసినా చదవడం మాత్రం ఆపలేదు నువ్వు," అంటారాయన. నిజమే. అమ్మకి సుస్తీ చేసి నన్ను బడి మాన్పించేనాటికి తొమ్మిదో తరగతి సగంలో ఉన్నాను. మిగతా సగం పొట్లాల కాగితాల మీద పూర్తి చేశాను.

ఆయన పరుపుల షోరూంలో మేనేజరు. వచ్చినవాళ్ళని పరుపు మీద కూర్చోబెట్టి "చూడండి, నడుముకి ఎంత హాయిగా ఉందో" అని చెప్పడమే ఆయన ఉద్యోగం. అటువంటి మనిషి ఏరికోరి కొన్నది నేలకి బెత్తెడు ఎత్తులో ఉండే స్పోర్ట్స్ సెడాన్. గొప్పవాళ్ళకి కార్లు చేసే కంపెనీ చేసిన కార్లలో అన్నిటికంటే కింది మెట్టుది. కింది మెట్టయినా ఆ మేడ మెట్టే కదా అని ఆయన వాదన.

"స్పోర్ట్స్ సస్పెన్షన్ అండీ. కింద రోడ్డు ఎలా ఉందో ప్రతి అంగుళం మీకు తెలుస్తుంది," అన్నాడు కార్లమ్మే ఆయన.

మా అత్తయ్య నడుం పట్టుకుని, "ఎందుకు నాయనా తెలియడం?" అని అడిగింది.

కార్లమ్మే ఆయన నవ్వేశాడు. రోడ్డు మాత్రం మాట నిలబెట్టుకుంది. ఇంటికొచ్చేలోపు ప్రతి అంగుళం మా నడుముల్లో నమోదైపోయింది.

స్టీరింగ్ పక్కన వరసగా మీటలుంటాయి. వాటిలో సగం మీటలు కావు, మీటలుండాల్సిన చోట బిగించిన మూతలు. ఇదేంటండీ అంటే, "అది పై మోడల్లో ఉంటుంది," అంటారు. సీటు చల్లబడేది పై మోడల్లో. లోపల మనిషి కదిలితే అలారం కొట్టేది పై మోడల్లో. మా మోడల్లో మూత ఉంది. మూత మాత్రం చాలా నాణ్యమైనది.

దానికి 'చిన్న కోడలు' అని పేరు పెట్టింది మా మామయ్య. ఆయన ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపి రిటైరయ్యారు. ఉద్యోగమంతా ఒక చిన్న గదిలో స్టూలు మీద కూర్చుని జనానికి తలుపులు తీస్తూ మూస్తూ గడిపారు. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి. ఎవరైనా వచ్చి కారు చూస్తామంటే, "పెద్ద కోడలు వంటింట్లో ఉంది, చిన్న కోడలు కింద ఉంది, ఎవర్ని చూస్తారు?" అనేవారు. అందరూ చిన్న కోడలినే చూసేవారు. చూడరా మరి! చిన్న కోడలికి ఎండ పడదు, దుమ్ము పడదు. గట్టిగా తలుపేస్తే మనసు నొచ్చుకుంటుంది. నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఇన్ని పడనివి ఉన్నాయని చెప్పి ఉంటే, పుట్టింటికి పంపేసేవారు.

కారెక్కడానికి మా ఇంట్లో కొన్ని రూల్సు. ఒకటి, చెప్పులు బయటే విప్పి ఒక సంచిలో వేయాలి, సంచి డిక్కీలో పెట్టాలి. రెండు, ఆయన తప్ప ఎవరూ ముందు వైపు ఏదీ ముట్టుకోకూడదు. హారన్ అయితే మరీ. ఒకసారి పాప దాన్ని నొక్కబోతే, గ్యాసు పొయ్యిలో చెయ్యి పెట్టినట్టు అరిచారు. "నాన్నా, మీరు కూడా. వేలిముద్రలు పడతాయి," అని మామయ్యకీ చెప్పారు. మామయ్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, "నా చేతులు డ్యూటీ దిగేశాయిరా," అన్నారు.

మూడో రూలు నాది. వెనక తలుపులకి పిల్లల లాక్ వేయించాను. అది వేస్తే వెనక కూర్చున్నవాళ్ళు లోపల్నుంచి ఎంత లాగినా తలుపు రాదు, బయటివాళ్ళు తీయాల్సిందే. నడుస్తున్న కారులో పాప తలుపు తీస్తే? ఈ ఒక్క ప్రశ్నతో ఆయన్ని వారం తినేశాను. దాంతో వెనక కూర్చున్న మేము దిగాలంటే ముందు కూర్చున్నవాళ్ళు వచ్చి తలుపు తీసేవారు.

"చూశావా అమ్మా," అన్నారు మామయ్య నాతో. "ఊరందరికీ నేను తలుపులు తీశాను. ఇప్పుడు నా కొడుకు నాకు తీస్తున్నాడు. ప్రమోషన్!"

ఇక ముసుగు. మా అత్తయ్య ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుడుతుంది. బజార్లో కారు కవర్లు దొరుకుతాయని ఎవరో అంటే, "రెడీమేడా? మన పిల్లకి?" అంది. టేపు పట్టుకుని కిందికి దిగి, చిన్న కోడలికి చుట్టుకొలతలు తీసుకుంది. మా ఆయన షోరూం నుంచి పరుపు గుడ్డ తెచ్చారు, మధ్యలో పల్చటి దూది పొర ఉన్న రకం. దానితో అతుకు కనపడకుండా ముసుగు కుట్టి, అంచు చుట్టూ తాళ్ళు పెట్టింది. తొడిగితే జాకెట్ తొడిగినట్టు ఉండేది, ఎక్కడా ముడత లేదు. వెలుతురు లోపలికి పోదు, చప్పుడు బయటికి రాదు. "ఇంక దీనికి ప్రపంచంతో పని లేదు," అని మా ఆయన మురిసిపోయారు.

వారానికొకసారి, సెలవు రోజున చిన్న కోడల్ని తిప్పడానికి మేమంతా వెళ్ళేవాళ్ళం. తిరిగి రాగానే దాన్ని పడుకోబెట్టడం ఒక తంతు. అత్తయ్య మెత్తటి గుడ్డతో తుడుస్తుంది. మామయ్య ముసుగు ఒక కొస పట్టుకుంటారు. మా ఆయన రెండో కొస లాగి తాళ్ళు కడతారు. ఆ తరవాతే పాపని పడుకోబెట్టడానికి నాకు అనుమతి. నేను మాత్రం ముసుగు వేసేముందు అద్దానికి మొహం ఆనించి వెనక సీటు చూసేదాన్ని, పాప నా చంకలో ఉన్నా సరే.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు!" అనేది అత్తయ్య.

"అద్దం మీద ముక్కు గుర్తు పడుతుంది," అనేవారు మా ఆయన.

ఆ సెలవు రోజు ఎండ మంటలా ఉంది. ముందు సీట్లలో మా ఆయన, అత్తయ్య. వెనక ఒక పక్క నేను, మధ్యలో దుప్పటి పరిచి దాని మీద పెట్టిన పాప సీటు, అవతలి పక్క మామయ్య. పొద్దున మోకాళ్ళ నొప్పికి వేసుకున్న మాత్ర ఆయనకి నిద్ర తెప్పిస్తుంది. వస్తూ వస్తూ దారిలోనే తల వాల్చేశారు. ఆ కారులో వెనక సీటు ఎంత పల్లంగా ఉంటుందంటే, నిద్రపోయిన మనిషి అద్దం కిందికి జారిపోయి, బయటివాళ్ళకి ఉన్నట్టే తెలియదు.

మా భవనం పక్కన ఆరుబయట మాకు కేటాయించిన చోట కారు ఆగింది. అప్పుడే పాప మొహం పాలిపోయింది. నాకు ఆ మొహం తెలుసు.

"ఏవండీ, పాప కక్కేలా ఉంది!"

ఆ ఇంట్లో నా మాటకి అంత విలువ అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

"సీటు! సీటు! పట్టుకో, మింగమను!" అని అరుస్తూ ఆయన వట్టి కాళ్ళతో చుట్టూ తిరిగి వచ్చి నా వైపు తలుపు తీశారు. నేను పాపని లాక్కుని బయటపడ్డాను. ఒక్క అడుగు తక్కువైంది. వెనక చక్రం మీదా, తలుపు బయటి వైపూ పడింది.

"అయ్యో అయ్యో, పెయింటు!" అన్నారాయన.

"పాపకి ఒళ్ళు కాలుతోందండీ!"

"నువ్వు పైకెళ్ళు. అమ్మా, నీళ్ళు! ఎండకి ఎండిపోతే మరక పడుతుంది!"

నేను పాపని ఎత్తుకుని చెప్పులైనా లేకుండా మెట్లెక్కేశాను. వెనక్కి తిరిగి అద్దంలోంచి చూడలేదు. నా భయం నా చంకలోనే ఉంది కాబట్టి, ఆ ఒక్క రోజూ నాకు భయం లేదు.

తరవాత ఏం జరిగిందో ముగ్గురం కలిపి కుట్టుకున్నాం. ఆయన తలుపు మరక వైపే చూస్తూ మోచేత్తో తలుపు మూశారు. అత్తయ్య బకెట్టు తెచ్చి కడిగి, తుడిచింది. మామయ్య నాతో పైకొచ్చేశారని ఆయన అనుకున్నారు. ముసుగు కొస పట్టుకోవడానికి మామయ్య లేకపోతే, "మనవరాలి వెనక పోయుంటారు," అని అత్తయ్యే కొస పట్టుకుంది. పైన నేనేమో, మామయ్య కింద ముసుగు దగ్గర ఉన్నారనుకున్నాను. ఎవరికి వాళ్ళం సరిగ్గానే అనుకున్నాం.

పాప రెండు గుక్కలు నీళ్ళు తాగి చల్లబడి నిద్రపోయింది. వాళ్ళిద్దరూ పైకొచ్చి కూలబడ్డారు. అత్తయ్య చెప్పుల సంచి గుమ్మంలో పడేసింది. కంచాలు పెడుతూ, "మామయ్య ఏరీ?" అన్నాను.

"కింద సెక్యూరిటీ ఆయనతో ముచ్చట్లు పెట్టుంటారు. నాన్నకి నోరు తెరిచే మనిషి దొరికితే ఆకలుండదు కదా," అన్నారు మా ఆయన. "ఏమైనా సమయానికి కడిగాం. లేకపోతే చిన్న కోడలి బతుకు ఏమయ్యేదో!"

"పాపం, దానికెంత దడ పుట్టిందో," అంది అత్తయ్య.

భోజనాలు సగంలో ఉండగా నేను గుమ్మంలో సంచి సర్దడానికి లేచాను. నా చెప్పులు తీశాను. అత్తయ్యవి. ఆయనవి. సంచి అడుగున మామయ్య చెప్పులు, ఎడమ మడమ అరిగిపోయిన రబ్బరు చెప్పులు.

కాళ్ళు పగిలి, స్నానాల గదికి కూడా చెప్పులతో వెళ్ళే మనిషి. ఈ ఎండలో, కాలే నేల మీద, చెప్పుల్లేకుండా ముచ్చట్లా?

"ఏవండీ," అన్నాను. చెప్పులు పైకెత్తి చూపించాను.

ఆయన నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

అత్తయ్య మిషన్ మీద పెద్ద కత్తెర ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ఆ ఇంట్లో అదీ ఒక రూలే. అది తీసుకుని మెట్లు దిగాను. కారు పరుపు గుడ్డ ముసుగులో, ముడత లేకుండా, హాయిగా పడుకుని ఉంది. తాళ్ళ ముడులు చేతికి రాలేదు. కత్తెర ముసుగులో దింపి పరపరా చీల్చేశాను.

వెనక నుంచి మా ఆయన, "పెయింటు! కత్తెర తగులుతుంది, పెయింటు!" అని అరుస్తూ వచ్చారు.

ఒట్టు. ఆ మాటే అన్నారు. నోటికి అలవాటైన మాట ముందొచ్చింది, ఆ వెనకే "నాన్నా!" వచ్చింది. అది కూడా రాస్తున్నాను, లేకపోతే అన్యాయమైపోతుంది.

ఆయన తాళం నొక్కితే, చిన్న కోడలు కళ్ళు రెండుసార్లు మిటకరించి ముద్దుగా కిచుక్కుమంది. తలుపు తీశాను. మరుగుతున్న గిన్నె మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది.

మామయ్య సీటులో నిటారుగా కూర్చుని ఉన్నారు. చొక్కా నీళ్ళలో ముంచి తీసినట్టుంది. పెదాలు ఎండిపోయాయి. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. మమ్మల్ని చూసి, గొంతు పెగుల్చుకుని, "వచ్చారా? కంగారేం లేదు," అన్నారు.

ఆసుపత్రిలో సెలైను ఎక్కాక, కాస్త తేరుకున్నాక నేనే అడిగాను. "పిలవలేదేం మామయ్యా?"

"పిలిచానమ్మా. మీ అత్తయ్య కుట్టు గట్టిది, మాట బయటికి పోలేదు."

"హారన్ కొట్టొచ్చు కదా! ముందుకి వంగితే అందుతుంది."

ఆయన కొడుకు వైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకున్నారు. "అనుకున్నాను. వాడు వద్దన్నాడు కదా, ఎందుకులే అని. అయినా లిఫ్టు మధ్యలో ఆగిపోతే జనానికి నేనొకటే చెప్పేవాణ్ణి. కదలొద్దు, ఊపిరి వృథా చేసుకోవద్దు, ఎవరో ఒకరు వస్తారు అని. ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చారమ్మా." దుప్పటి సర్దుకుంటూ, "లిఫ్టులో అయితే నొక్కడానికి గంట ఉంటుంది," అన్నారు.

మా ఆయన మంచం పట్టె మీద తల ఆనించి ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు. డాక్టరు మాత్రం, ఇంకో గంటయితే మాకు అప్పజెప్పడానికి తన దగ్గర ఏమీ ఉండేది కాదన్నాడు.

ఇంత జరిగాక కారు అమ్మేసి ఉంటాం అనుకుంటున్నారా? మీరు మంచివాళ్ళు. మర్నాడు పొద్దున్నే మా ఆయన కిందికి దిగి, కత్తెర గీసిన గీత మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డారు. అత్తయ్య కొత్త ముసుగు కుట్టింది. ఈసారి పశ్చాత్తాపం కలిపి కుట్టింది కాబట్టి, వెనక సీటు దగ్గర అరచేతంత పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క అతికించి, దానికి కిటికీ అని పేరు పెట్టింది. హారన్ నొక్కడానికి అందరికీ అనుమతి వచ్చింది. పిల్లల లాక్ తీసేయమని ఆయనే అన్నారు. నేను ఒప్పుకోలేదు. పాప ఇప్పుడు ఏది దొరికితే అది లాగుతోంది. లాక్ ఉంటే మామయ్య, లేకపోతే పాప. నా రెండు భయాలనీ ఆ ఒక్క తలుపుకే బిగించుకుని కూర్చున్నాను.

మామయ్య మాత్రం వచ్చే సెలవు రోజుకే మళ్ళీ కారెక్కారు, అదే పక్కన. నేను వద్దంటే, చిన్నగా, "నేను ఎక్కకపోతే వాడు తలెత్తుకోలేడమ్మా," అన్నారు. మాత్ర ఇప్పటికీ వేసుకుంటున్నారు. దారిలో ఇప్పటికీ తల వాలుస్తున్నారు. హారన్ సంగతి ఎన్నిసార్లు చెప్పినా, "అలాగేలే అమ్మా," అంటారు, చేతులు ఒళ్ళోంచి తీయరు.

నేను ప్రతిసారీ వెంట వెళ్ళలేను. పాపకి ఒంట్లో బాగుండదు, లేదా నాకు బాగుండదు. అలాంటి రోజు నేను గుమ్మంలోనే కాచుకుని ఉండి, వాళ్ళు తిరిగొచ్చాక కాళ్ళూ చెప్పులూ లెక్కపెట్టుకుంటాను.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరెప్పుడైనా మా భవనం పక్కగా నడిచి వెళుతూ ఉంటే, ఎండలో పరుపు గుడ్డ ముసుగు వేసుకుని, ముడత లేకుండా పడుకున్న ఒక కారు కనిపిస్తే, ఒక్క నిమిషం ఆగండి. ఆ కిటికీ దగ్గర కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి చూడండి. ముక్కు గుర్తు పడినా ఫరవాలేదు. లోపల ఒక పెద్దాయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటే, ఆయన మిమ్మల్ని పిలవరు. ఎవరో ఒకరు వస్తారని కూర్చుంటారు. వెంటనే ముసుగు చింపి, తలుపు తీయండి. తాళం పడి ఉంటే అద్దం పగలగొట్టండి. పెయింటు సంగతి నేను చూసుకుంటాను.