అరచేతి నీడ

ఓట్లొస్తున్నాయి, ఇక అందరం సమానమే అని దక్షిణాఫ్రికాలోని స్టాంగర్ చుట్టుపక్కలంతా కోడై కూస్తున్న రోజులవి. ఆ రోజుల్లోనే, చెరుకు సాళ్ళ మధ్య బోర్లా పడిపోయిన లచ్మన్ నెత్తిన కూలీల చేత పని చేయించే సర్దారు లోగన్ బకెట్టెడు నీళ్ళు గుమ్మరించాడు. లచ్మన్ వీపున పురుగుమందు డబ్బా అలాగే ఉంది. అది కారి కారి చొక్కా తడిసి ముద్దయింది. నోట్లోంచి చొంగ కారుతోంది.

"తాగుబోతు వెధవ! పట్టపగలే పడిపోయాడు."

పక్క సాలులో కలుపు తీస్తున్న అతని పెళ్ళాం ప్రేమీ పరుగెత్తుకొచ్చింది. ఆవిడా అదే అనుకుంది మరి! శనివారమొస్తే లచ్మన్ చుక్కేస్తాడని ఎస్టేటంతా ఎరుగుదురు.

"సచ్చినోడా, మళ్ళీ తాగీసినావేటి?" అంటూ డబ్బా ఊడలాగి, తడి చొక్కా పట్టుకుని కుదిపింది. మనిషి పలకలేదు. ప్రేమీ అదే తడి చేత్తో ఎడమకంట్లో నీళ్ళు తుడుచుకుని, జూలూ నేస్తం తాండేకాని కేకేసింది. ఇద్దరూ అతన్ని ఎస్టేటు క్లినిక్కుకి మోసుకెళ్ళారు. పని వదిలేసి జనం వెంటపడ్డారు.

నర్సు వల్లీ ముందు అతని మూతి దగ్గర వాసన చూసింది. తర్వాత రెప్పలు విప్పి, కళ్ళమీద అరచెయ్యి అడ్డం పెట్టి తీసింది.

"సారా వాసన లేదు. నీడ పడితే కంటిపాప పెద్దదవ్వాలి, ఇది గుండుసూది మొనంతే ఉండిపోయింది. ఇది తాగుడు కాదు, పురుగుమందు విషం. ఆ చొక్కా ఎవరూ ముట్టుకోకండి!"

చేతులకి తొడుగులేసుకుని చొక్కా కత్తిరించింది, సబ్బుతో ఒళ్ళు కడిగింది, సూది వేసింది. "ఈ సూది మళ్ళీ మళ్ళీ పడాలి. నా దగ్గర ఇంక లేదు. పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి, ఇప్పుడే."

ఉన్న బండి ఒక్కటే, తెల్ల మేనేజర్ యూజీన్‌ది, బక్కీ అనే చిన్న ట్రక్కు. అతను దాని తలుపుకి చేరగిలబడి నిలబడ్డాడు.

"తాగుబోతుల్ని మొయ్యడానికి కాదు నా బండి. సిస్టర్, తాగి పడ్డాడని రాయి."

విషమని రాస్తే పైనుంచి అధికారులొస్తారు. తాగుడని రాస్తే ఒక కూలివాడు పోతాడు, అంతే. దొర లెక్క దొరది!

"రాయను" అంది వల్లీ.

లోగన్ ప్రేమీ మీదికొచ్చాడు. "ఏమే, నీ మొగుడు తాగడా? అందరిముందూ చెప్పు!"

ప్రేమీ తల దించుకుంది. అబద్ధం నోటికి రాలేదు. "తాగుతాడు" అంది.

జనం గొణుక్కున్నారు. వెనకవాళ్ళు ఒకరిద్దరు పనిలోకి మళ్ళారు కూడా.

అప్పుడు తాండేకా అడిగింది. "ప్రేమీ, ఆ కన్నెందుకలా చికిలిస్తున్నావు?"

"ఏడుపుకి మసకేసింది."

తాండేకా ఇందాక చూసినట్టే ఆమె కళ్ళకి అరచెయ్యి అడ్డం పెట్టి తీసింది. కుడి పాప విప్పారింది. ఎడమది గుండుసూది మొన.

"ఇదిగో చూడండ్రా! మారెమ్మ పండక్కి కూడా చుక్క ముట్టని మనిషి! ఈవిడా తాగిందా సర్దారూ?"

వల్లీ ఆ కన్ను నీళ్ళతో కడుగుతూండగానే గుంపు కదిలింది. పురుగుమందు కొట్టేవాళ్ళు ఒకరి కళ్ళకొకరు చేతులడ్డం పెట్టుకున్నారు. "వీడివీ అంతే!" "దీనివీ అంతే!" నిన్నటిదాకా తలనొప్పనుకుని ఊరుకున్నవాళ్ళందరికీ ఒళ్ళు మండిపోయింది. బక్కీ చుట్టూ మూగి తాళాలు లాక్కున్నారు.

"పోలీసుల్ని పిలుస్తా!" అని అరిచాడు యూజీన్.

"పిలుసుకో!" అంది ప్రేమీ.

లచ్మన్‌ని వెనక పడుకోబెట్టి, వల్లీని తోడెక్కించుకుని పెద్దాసుపత్రికి బండి తోలారు. దారిలో, వల్లీ చేతుల్లోనే, లచ్మన్ ప్రాణం పోయింది. తాగుడని రాయి, రాయి అని దొర తగువాడిన ఆ కాసేపే అతనికి కావలసింది. పురుగుమందు చంపిందనకండి. ఎవరు చంపారో చూశారుగా.

సాయంత్రం బండి దొంగతనమని వల్లీని పోలీసులు పట్టుకుపోయారు.

మర్నాడు గేటు దగ్గర లోగన్ పురుగుమందు డబ్బాలు వరసగా పెట్టించాడు. చావింట్లో కూర్చోవలసిన ప్రేమీ వచ్చి వాటికి అడ్డంగా నిలబడింది. పనికి వచ్చినవాళ్ళందరి కళ్ళకీ అరచెయ్యి అడ్డం పెట్టి చూసి పక్కన కూర్చోబెట్టింది. జూలూవాళ్ళూ మన ఇండియావాళ్ళూ కలిసి కూర్చున్నారు. ఒక్కరూ డబ్బా ఎత్తలేదు.

"నువ్వేమన్నా నర్సువా?" అని గద్దించాడు లోగన్. వెనకాలే యూజీన్ ఉన్నాడు.

"నర్సుని లోపలేసినారు గదా. ఇప్పుడందరం సూస్తాం." ప్రేమీ డబ్బాని కాలితో అతనివైపు తోసింది. "నువ్వెత్తు సర్దారూ. పొద్దుగూకినాక నీ కళ్ళు నాను సూస్తాను."

లోగన్ డబ్బాకేసి చూశాడు. అది కారుతోంది. రెండడుగులు వెనక్కి వేశాడు.