కరియ పట్టిన కంబళి

కరవలేదేమో, అసలు కరిచి ఉండదేమో అని అనుకుంటూనే మారెక్క చేతిలోని తాడును ఇంకో చుట్టు తిప్పుకుంది, పక్కన మందకుక్క కరియ తల వంచుకుని నడుస్తోంది, రాళ్ళు అప్పుడే కాలుతున్నాయి, నిన్న తలారి చిన్నప్ప టముకు వేసి చెప్పిన పంచాయితీ ఆర్డరు ఇంకా చెవుల్లోనే ఉంది, ఊరకుక్కలకు మెడలో బిళ్ళ కట్టుకోండప్పా, మందకుక్కలు ఊళ్ళోకి రాగూడదు, మనిషిని కరిచిన మందకుక్కను తెచ్చి అప్పజెప్పాల, విషం పెడతారు, అంటే వీధిలో పడి తిరిగేదానికి బిళ్ళ, గొర్రెలు కాసేదానికి చావు, తోడేలు వచ్చిన పొద్దు ఈ ఆర్డరు వచ్చి అడ్డం నిలబడుతుందా, వాన లేక సగం మంద గోరంట్ల సంతలోనే పోయింది, మిగిలిన సగం దీని గొంతు మీదే బతుకుతోంది, ఇదీ పోతే ఒంటి ఆడది ఆ గుట్ట కింద ఏం చేస్తుంది, కానీ పక్క చేను హనుమంతప్ప చేతికి కట్టు చూసింది కదా, కట్టు మీద నెత్తురు కూడా.

పంచాయితీ అరుగు మీద చిన్నప్ప బీడీ తీసి, ఏమక్కా, సింహాన్నే తోలుకొని వచ్చినావే అన్నాడు, ఆమెకు నవ్వు రాలేదు, ప్రెసిడెంటు రామప్ప అద్దాలు సర్దుకుని, కరిచిందా లేదా చెప్పు మారెక్కా, దాచిపెట్టద్దు అన్నాడు, నేను చూల్లేదన్నా, గొర్రెల్ని దొడ్లోకి తోల్తా ఉంటి అంది, హనుమంతప్ప లేచాడు, మసకపొద్దులో గట్టెంట పోతాంటే వచ్చి పట్టిందప్పా, మొరిగే కుక్క కరవదంటారు, ఇది మొరగనే లేదు.

మొరగలేదా, ఆమె మనసు అక్కడే ఆగింది, తోడేలుకైనా దొంగకైనా గుట్ట మారుమోగేలా మొరిగే కరియ మొరగలేదా, అప్పుడు కనపడింది హనుమంతప్ప భుజాన నల్ల కంబళి, ఎర్ర అంచు, తను వడికిన ఉన్నే, పాడె మోసినవాళ్ళలో ఒకరికి పోయినవాడి కంబళి ఇవ్వడం వాళ్ళ ఇంటి ఆనవాయితీ, పెనిమిటి కంబళి తనే తీసి ఇతని చేతిలో పెట్టింది, ఆ అంచు ఒకచోట చిరిగి వేలాడుతోంది, ఆ అంచే, కల్లు తాగి ఆయన గట్టు మీద కూలబడిన సాయంత్రాల్లో కరియ ఆ అంచు పట్టుకునే మంద దగ్గరికి లాక్కొచ్చేది, వస్తాండా లేరా, నా పెండ్లాం కూడా ఇంత పీకదు అని ఆయన తిట్టుకుంటూ లేచేవాడు, హనుమంతప్పా, ముందు పట్టింది చెయ్యా కంబళా అని అడిగింది, కంబళే, నేను గుంజుకుంటే చెయ్యి దాని నోట్లో పడె, అయినా పండ్లు దిగినాయి గదా అన్నాడు, ఆమె చేతిలో తాడు వదులైంది.

కరియ తోక ఊపుతూ వెళ్ళి, అంచును నోట పట్టి, గుట్ట వైపు తిరిగి మెల్లగా లాగింది, పో హనుమంతన్నా, మారెక్క ఇంటికి పిలుస్తాండాది అని చిన్నప్ప పకపకా నవ్వాడు, థూ, నోరు ముయ్యిరా అని హనుమంతప్ప ఎత్తిన చెయ్యి అట్లే దించేశాడు, కంబళి జార్చి వదిలేశాడు, ఇది కరిచింది కాదులే రామప్పన్నా, పోనీ దాన్ని అన్నాడు, రామప్ప అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళా ఊళ్ళోకి తేవద్దక్కా అన్నాడు, కరియ కంబళిని కొంత దూరం ఈడ్చి, అందులో మనిషి లేడని ఆగి, మారెక్క ముఖంలోకి చూసింది, ఆయన్ను మోసుకుపోయిన రోజు అడ్డం వస్తుందని దీన్ని దొడ్డి గుంజకు కట్టేశారు, ఊరంతా వచ్చి తనను పట్టుకుని ఏడ్చింది, ఆయన ఇక రాడని కరియకు మాత్రం ఎవరూ చెప్పలేదు.