అబ్రహాం అన్‌ఫిట్ అయిన రోజు

శ్రీరాంపూర్ బొగ్గుబావుల కాలనీలో బడి మొహం చూడనివాళ్లకు కూడా ఒక ఇంగ్లీషు మాట కొట్టిన పిండి. ఫిట్. జాకెట్ ఒంటికి సరిపోతే ఫిట్. మూర్ఛ వచ్చి పడిపోతే ఫిట్స్. మంచిగా ఉన్న ఇద్దరి మధ్య తగువు పెడితే ఫిట్టింగ్. జ్వరమొచ్చి సెలవు పెట్టినవాడు మళ్లీ బావిలోకి దిగాలంటే డాక్టరు చేత ఫిట్ రాయించుకోవాలి. ఇన్ని రకాలుగా వాడతారు గానీ, దేవుణ్ణి అడిగేటప్పుడు మాత్రం అన్‌ఫిట్ కావాలనే అడుగుతారు. మెడికల్ బోర్డు తండ్రిని అన్‌ఫిట్ చేస్తే ఆ ఉద్యోగం పిల్లలకు వస్తుంది మరి. లోకమంతా ఆరోగ్యం కోసం మొక్కుతుంటే వీళ్లు రోగం కోసం మొక్కుతారు. నవ్వొస్తే నవ్వండి. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఖాళీగా కూర్చుంటే తెలుస్తుంది, ఆ మొక్కు ఎక్కణ్ణుంచి పుడుతుందో.

అబ్రహాం కూడా అదే కోరుకున్నాడు. అతని రిటైర్మెంటు దగ్గరపడింది. ఇంకొన్నాళ్లు పోతే అన్‌ఫిట్ అయినా పిల్లలకు ఉద్యోగం రాదు. బోర్డు ముందుకు వెళ్లడానికి ఇదే ఆఖరి అవకాశం. కూతురు ఆరాధన డిప్లొమా పాసయి, మంచిర్యాలలో ఒక బట్టల షాపులో పొద్దంతా నిలబడి చీరలు విప్పి చూపిస్తోంది. అతనికి దగ్గుందన్న మాట నిజమే. కానీ బావిలో దిగినవాళ్లలో దగ్గు లేనిదెవరికి? దాన్నతను రోగం కింద లెక్క వేయలేదు. అందుకే రోగిలా నటించడం నేర్చుకున్నాడు. నేర్పినవాడు పక్క క్వార్టర్ అంతయ్య. మోకాళ్ల నొప్పుల మీద అన్‌ఫిట్ అయి, కొడుక్కి ఉద్యోగం ఇప్పించుకున్న అనుభవజ్ఞుడు.

"గట్ల కాదు అబ్రహామన్నా. దగ్గుకుంట ఛాతి పట్టుకోవాలె. జర వంగాలె. కండ్లల్ల నీళ్లు రావాలె."

అబ్రహాం భార్య ఆనందమ్మ వంటింట్లోంచి చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆరాధన మాత్రం నవ్వేది కాదు.

"బాపూ, నీకు నిజంగ ఏమన్న ఉన్నదంటే చెప్పు. గట్లొచ్చే నౌకరి నాకొద్దు."

"నాకేమున్నది బిడ్డా? గుండురాయి లెక్కున్న. నువ్వేం ఫికర్ చెయ్యకు," అనేవాడు.

తీరా బోర్డు ముందుకు వెళ్లాక నటించే సందే దొరకలేదు. డాక్టరు అతని వంక చూడనే లేదు. ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. పక్కనున్న డాక్టరుకు చూపించాడు. ఆ తర్వాత కుర్చీ దగ్గరికి లాగి, "కూర్చో పెద్దాయనా," అన్నాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఏ ఆఫీసరూ అంత మెత్తగా మాట్లాడి ఎరగడు. ఆ మెత్తదనానికే అబ్రహాం గుండె జారిపోయింది.

"దగ్గినప్పుడు రక్తం పడుతోందా?"

"నల్లటి తెమడ ఎప్పటికీ పడ్తది సార్. నడుమ నడుమ ఎర్రగ గూడ పడ్తది."

"ఊపిరితిత్తిలో గడ్డ ఉంది. బాగా ముదిరింది. వెంటనే హైదరాబాద్ పెద్దాసుపత్రికి వెళ్లు. ఇంట్లోవాళ్లను తోడు తీసుకెళ్లు." కాస్త ఆగి, "నిన్ను అన్‌ఫిట్ చేస్తున్నాం," అన్నాడు.

అబ్రహాంకు ముందు సంతోషమే కలిగింది. పిల్ల ఒడ్డున పడిందనుకున్నాడు. ఆ వెనకే చావు గుర్తొచ్చింది. బస్సులో కూర్చున్నాక ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆరాధన చేతికి ఉద్యోగం ఆర్డరు వచ్చేదాకా గడ్డ సంగతి నోరు విప్పి చెప్పకూడదు. చెబితే ఆ ఉద్యోగాన్ని ముట్టదు. మొండిఘటం, తల్లి పోలిక.

అన్‌ఫిట్ అయిన కబురు ఫోనులో ముందే అందింది కాబట్టి అతను వెళ్లేసరికి ఇల్లు పెళ్లివారిల్లయింది. అంతయ్య జిలేబీ తెచ్చాడు. ఆనందమ్మ "దేవునికి స్తోత్రం" అంటూ ఒకటే ఏడుపు. షాపులో సెలవడిగి వచ్చిన ఆరాధన తండ్రి ముందు నిలబడింది.

"డాక్టరేమన్నడు బాపూ? నిజం చెప్పు."

"ఏమంటడు? నా యాక్టింగ్‌కు పడిపోయిండు."

ఆమె మొహం విచ్చుకుంది. ఎన్నాళ్లకో పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసం ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు అనిపించింది అతనికి.

"ఏదీ, ఎట్ల చేసినవో ఒక్కసారి చేసి చూపియ్యి."

"చెయ్యన్నా, చెయ్యి. ఇజ్జత్ నిలబెట్టు," అన్నాడు అంతయ్య.

కాదంటే అనుమానపడుతుంది. చిన్నగా దగ్గి ఆపేద్దామనుకున్నాడు. ఛాతి పట్టుకున్నాడు, వంగాడు, దగ్గాడు. ఆ ఒక్క దగ్గు అతను కావాలని దగ్గిందే. దాని వెనకాల వచ్చినవి అతని చేతిలో లేవు. ఒకదాని మీద ఒకటి తోసుకొచ్చాయి. తువ్వాల నోటికడ్డం పెట్టుకుని, రెండో చేత్తో గోడ పట్టుకున్నాడు.

అంతయ్య చప్పట్లు కొట్టాడు. "అగో, కండ్లల్ల నీళ్లు జూడుండ్రి! గిట్లుండాలె యాక్టింగంటే!"

"ఇగ చాలు తియ్యి," అని నవ్వుతూనే ఆనందమ్మ జిలేబీ ముక్క పట్టుకుని అతని నోటిదాకా వచ్చింది.

నవ్వు అందరికన్నా ముందు ఆపింది ఆరాధన. దగ్గరికొచ్చి, తండ్రి నోటికి అడ్డమున్న తువ్వాలను మెల్లగా తీసి చూసింది.

"అవ్వా, జిలేబీ పక్కకు పెట్టు," అంది.