ఆదివారం మూడు గంటల ఆట

పొద్దున పది దాటాక ఫోన్ మోగినప్పుడు ఓర్ట్‌విన్ చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. అవతల పెద్ద నగరంలోని ఒపెరా థియేటర్ వాళ్ళు. వాళ్ళ ఆర్కెస్ట్రాని చేతి సైగలతో నడిపే కండక్టర్ నడుం పట్టేసి మంచం దిగలేకపోతున్నాడట. సాయంత్రం ఆరింటికి ప్రదర్శన.

"ఇవాళ్టి ఒపెరా మీకు కంఠతా వచ్చని విన్నాం. రిహార్సల్ ఉండదు. వస్తారా?"

చదువుకునే రోజుల నుంచీ ఆ స్వరాల పుస్తకాన్ని తలగడ పక్కన పెట్టుకు పడుకున్నవాడు ఓర్ట్‌విన్. కానీ ఈ చిన్న ఊరి థియేటర్లో పంతొమ్మిదేళ్ళుగా అతను రెండో కండక్టరే. గొప్ప ఒపెరాలన్నీ మొదటి కండక్టరైన పెద్దాయనకి వెళ్ళేవి, ఒపెరెట్టాలనే తేలికపాటి నవ్వుల ఆటలు ఇతని చేతికొచ్చేవి. యాభై మూడేళ్ళ వయసులో ఇలాంటి ఫోన్ రావడం ఇదే మొదలు.

"అరగంటలో చెబుతాను," అన్నాడు.

ఇక్కడ మూడింటికి అతను నడపాల్సిన ఒపెరెట్టా ఉంది. అది ముగిసేసరికే ఆరు కావస్తుంది. ఆ నగరానికి రైల్లో రెండు గంటలు. గబగబా థియేటర్‌కి వెళ్ళాడు. పెద్దాయన ఊళ్ళో లేడు. డైరెక్టర్ బ్రెంకే అంతా విని కాఫీ కప్పు కింద పెట్టాడు.

"చాలా సంతోషం ఓర్ట్‌విన్ గారూ. మరి ఇవాళ మన ఆట ఎవరు నడుపుతారు?"

"ఈ ఒక్కసారికి ఆపేస్తే..."

"పక్క ఊళ్ళ నుంచి నాలుగు బస్సుల్లో ముసలివాళ్ళొస్తున్నారు. ఏం చెప్పి వెనక్కి పంపమంటారు?"

వయొలిన్ పెట్టెతో గుమ్మంలో నిలబడ్డ రోస్విటా కల్పించుకుంది. ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్ ఆమెది.

"వెళ్ళనివ్వండి సార్. ఎనభై సార్లు వాయించాం దీన్ని. ఈయన లేకపోయినా వాయించేస్తాం. నేను విల్లుతో సైగ చేస్తే చాలు."

అతని మేలు కోరే అంది. కానీ ఓర్ట్‌విన్ ముఖం పాలిపోయింది. "అంటే నా వంక చూడకుండానే వాయిస్తున్నారా ఇన్నాళ్ళూ?"

"ఇందులో చూడ్డానికేముంది చెప్పు? పోనీలే, రైలు తప్పిపోతుంది."

బ్రెంకే తల అడ్డంగా ఊపాడు. "తలుపుకి తాళమేమీ వెయ్యను. వెళ్తే మాత్రం రేపట్నించి రానక్కర్లేదు."

ఒక్క సాయంత్రం కోసం ఉద్యోగం వదులుకుంటే, ఈ వయసులో మళ్ళీ ఎవరు పిలుస్తారు? వరండాలో నిలబడి ఫోన్ చేశాడు. రాలేనన్నాడు. "పర్లేదండీ," అని అవతలివాళ్ళు వెంటనే పెట్టేశారు.

మూడింటికి వేదిక ముందు ఆర్కెస్ట్రా కూర్చునే గోతిలోకి దిగాడు. వెనక గోడ, కళ్ళ ఎదుట గాయకుల బూట్లు. బయటికి పోయే చిన్న తలుపు దగ్గరకి వెళ్ళాలంటే నలభైమంది మధ్య నుంచి పోవాలి. రెండో అంకంలో, రోస్విటా అన్నది నిజమో కాదో చూద్దామని, చేతులు దించేశాడు. పాట సాగిపోయింది. ఒక్కరూ తల ఎత్తలేదు.

అంతలో ముసలి గాయకుడు ఎగ్‌బర్ట్ ఒక చరణం మొత్తం మింగేసి తర్వాతదానికి దూకాడు. సగంమంది ఆయన వెంట పరుగెత్తారు, సగంమంది పాత చోటే ఉండిపోయారు. రోస్విటా విల్లు గాలిలో ఆగింది. నలభై ముఖాలూ ఒక్కసారిగా ఓర్ట్‌విన్ వైపు తిరిగాయి. అతని చెయ్యి అప్పటికే లేచింది. ఎడమచేత్తో బాకాలవాళ్ళని ఆపి, కుడిచేత్తో వయొలిన్లని లాక్కొచ్చి, రెండు దరువుల్లో అందర్నీ ఒకచోట చేర్చాడు. ముసలివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఏం జరిగిందో వాళ్ళకి తెలియనే లేదు.

ఆట అయ్యాక రోస్విటా దగ్గరకొచ్చింది. "నువ్వు లేకపోతే పరువు పోయేది. పొద్దున అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా."

"నువ్వు పొద్దున అన్నదే నిజమైతే బాగుండేది," అన్నాడు ఓర్ట్‌విన్. "ఏ బెంగా లేకుండా ఎక్కడికైనా వెళ్ళిపోయేవాణ్ణి."

ఆ నగరంలో కండక్టర్ సహాయకురాలే ఒపెరా నడిపిందని, బాగా నడిపిందని సోమవారం పేపర్లో వచ్చింది. రెండుసార్లు చదివి మడిచి పెట్టాడు. మంగళవారం బ్రెంకే వచ్చే ఏడాదికి మరో మూడు ఒపెరెట్టాలు అతని పేర రాసి పంపాడు, కింద "కృతజ్ఞతలతో" అని చేర్చి. ఓర్ట్‌విన్ సంతకం పెట్టాడు.

ఆ వారం నుంచి రిహార్సళ్ళలో రోస్విటా ప్రతి దరువుకీ తల ఎత్తి అతని చేతినే చూడసాగింది. ఎవరూ చూడకపోవడం కన్నా అది అతనికి మరీ కష్టంగా ఉండేది.