రైట్ చెప్పే మనిషి

ఫ్యాక్టరీ బస్సుకు కండక్టరు ఉండడు. టికెట్లు కొట్టే పని లేదు కాబట్టి అవసరమూ లేదు. కానీ ఎవరో ఒకరు "రైట్" అనకపోతే డ్రైవర్ నర్సింహ బస్సు కదిలించడు. ఆర్టీసీలో చాలా ఏళ్లు నడిపి వచ్చిన మనిషి. ఆ మాట చెవిన పడనిదే అతని చెయ్యి గేరు మీదికి పోదు. అందుకే జిన్నారం దగ్గరున్న ఆ మందుబిళ్లల ఫ్యాక్టరీలో ప్రతి షిఫ్టు బస్సుకూ ఒక ఇన్‌ఛార్జిని పెట్టే ఆనవాయితీ వచ్చింది. ఇన్‌ఛార్జి అయినంత మాత్రాన జీతం పెరగదు. ముందు సీట్లో కూర్చోవాలి, ఎక్కవలసినవాళ్లు ఎక్కారో లేదో చూడాలి, రానివాళ్ల కోసం ఎంతసేపు ఆగాలో తేల్చి రైట్ చెప్పాలి. అంతే.

సంగారెడ్డి బస్సుకు ఆ పని బాలరాజ్ చేసేవాడు. అతను సెకండ్ షిఫ్టుకు మారగానే హెచ్‌ఆర్‌లో పనిచేసే అలేఖ్య, స్టోర్స్ ఆఫీసర్ సూర్యారావు గారిని పిలిపించింది.

"ఇకనుంచి మీరే సార్."

"నేనా? నాకు ఇలాంటివి చేతకావమ్మా."

"కొత్తవాళ్లకు లీడర్‌షిప్ క్లాసు చెప్పేది మీరే కదా సార్. మీకే చేతకాకపోతే ఇంకెవరికి చేతనవుతుంది?"

ఆమె అన్నదీ నిజమే. ఎప్పుడో ఈవెనింగ్ కాలేజీలో మేనేజ్‌మెంట్ చదివిన పుణ్యాన, కొత్త బ్యాచ్ చేరినప్పుడల్లా ట్రైనింగ్ రూములో నాయకత్వం గురించి ఒక గంట మాట్లాడతారు. బోర్డు మీద ఒక అడ్డగీత, ఒక నిలువుగీత గీస్తారు. అడ్డగీత పని మీద ధ్యాస, నిలువుగీత మనుషుల మీద ధ్యాస. పని తప్ప మనిషి కనపడనివాడు ఈ మూల, మనుషుల్ని నొప్పించలేక పని వదిలేసేవాడు ఆ మూల. రెండూ నిండుగా ఉన్నవాడు పైన కుడిచేతి మూలలో. "అక్కడ ఎవరున్నారు సార్?" అని పిల్లలు అడిగితే, "కుర్చీ వేసి ఉంచాం, వచ్చినప్పుడు కూర్చుంటారు" అనేవారు. తన మాటే శాసనం అనే నాయకుడు, అందరినీ అడిగి చేసే నాయకుడు, ఎవరిష్టానికి వాళ్లను వదిలేసే నాయకుడు, ఈ ముగ్గురి గురించి ఉదాహరణలతో చెప్పేవారు.

చెప్పడమే తప్ప ఆయన ఎవరినీ నడిపించింది లేదు. స్టోర్స్‌లో డ్రమ్ములు ఎదురు మాట్లాడవు. ఇంట్లో పొద్దున ఏ కూర వండాలన్న దగ్గర్నుంచి ఏ కాలనీలో ఇల్లు కట్టాలన్నదాకా భార్య లక్ష్మీనరసమ్మ గారే తేల్చేవారు. ఆవిడ పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి ఇంట్లో తేల్చవలసినవే లేకుండా పోయాయి.

"ఒక్క మాట సార్," అంది అలేఖ్య. "మీ బస్సు రోజూ గేటుకు లేటుగా వస్తోంది. మీవాళ్లు వచ్చేదాకా ప్యాకింగ్ లైన్ ఆగుతోంది. ఈ నెల కూడా ఇలాగే ఉంటే బస్సు తీసేసి, ఎవరికి వాళ్లను రమ్మంటామని పైవాళ్లు అంటున్నారు."

బాలరాజ్ గట్టివాడే. కానీ లేటుగా వచ్చినవాళ్లను తిట్టడానికి బస్సును ఇంకాసేపు ఆపేవాడు.

బస్సు తీసేస్తే కుమార్ లాంటి కుర్రాళ్లకు మోటార్ సైకిళ్లున్నాయి. ఆడవాళ్లు తిప్పలు పడైనా షేర్ ఆటోలు పట్టుకుంటారు. సూర్యారావు గారి సంగతి వేరు. తెల్లవారాక ఆయన్ను పలకరించే మొదటి మనుషులు ఆ బస్సులోనే ఉన్నారు. క్యాంటీన్‌లో వంట చేసే ముత్యమ్మ రోజూ ఒక జామకాయో, గుప్పెడు ఉడకబెట్టిన పల్లీలో ఆయన చేతిలో పెట్టి "తిన్నవా సారూ" అని అడిగేది. మెషిన్ ఆపరేటర్ కుమార్ తన ఫోన్లోకి వచ్చిన జోకులన్నీ ఆయనకు చదివి వినిపించి, ఆయన నవ్వకముందే తాను నవ్వేవాడు. కిటికీ పక్క సీటు ఎవరూ చెప్పకుండానే ఆయన కోసం ఖాళీగా ఉండేది. బస్సు పోయినా ఫ్యాక్టరీ ఉంటుంది, ఇల్లూ ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఉన్నదే పోతుంది. ఆ బస్సును ఎలాగైనా నిలబెట్టుకోవాలని ఆయన గట్టిగా అనుకున్నారు.

మొదటి వారం శాసనం పద్ధతి.

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో అందరూ ఎక్కారు, ఒక్క అరుణ తప్ప. ప్యాకింగ్ లైన్లో పనిచేసే అరుణ ఎప్పుడూ ఆఖరునే వస్తుంది. వాళ్లింట్లో రెండు బర్రెలున్నాయి. పాలు పిండి మొగుడు కొమురయ్యకు క్యాన్లు అప్పజెప్పాకే ఆమె ఇంట్లోంచి కదులుతుంది. అడిగితే ఒకటే మాట. "ఏం జెయ్యాలె సార్, బర్రె చేపకపాయె, పాలియ్యకపాయె."

"పోనియ్యాల్నా సార్?" అన్నాడు నర్సింహ.

సూర్యారావు గారు గొంతు సవరించుకుని "రైట్" అన్నారు.

"అరే, సారు ఇయ్యాల మస్తు గరం మీదున్నడు," అన్నాడు కుమార్ వెనక సీట్లోంచి.

బస్సు కదిలి కాస్త దూరం పోయిందో లేదో, పక్క అద్దంలో అరుణ కనిపించింది. ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో చెప్పులు పట్టుకుని పరుగెత్తుతోంది. సూర్యారావు గారికి ప్రాణం ఒప్పలేదు. "ఆపు నర్సింహా" అని, బస్సు ఆగీ ఆగకముందే దిగి ఆమెకు ఎదురు వెళ్లారు.

"సారీ అమ్మా. కావాలని చేసింది కాదు. ఒక పద్ధతి ప్రకారం వెళ్దామని..."

"ఎక్కుండ్రి సార్, లేటయితున్నది."

"అది కాదమ్మా, నువ్వు తప్పుగా అనుకోకూడదు. అసలు సంగతేమిటంటే..."

"ఎక్కినంక జెప్పుండ్రి సార్, నీ కాళ్లు మొక్కుత," అంది అరుణ, ఆయన్ను ముందు ఎక్కించి తాను వెనక ఎక్కుతూ.

ఆ రోజు బస్సు లేటయింది అరుణ వల్ల కాదు, క్షమాపణ వల్ల.

రెండో వారం అందరినీ అడిగి చేద్దామనుకున్నారు.

"ఎవరైనా రాకపోతే ఆగాలా వద్దా అన్నది ఇకమీదట మీరే చెప్పండి. ఆగుదామన్నవాళ్లు చేతులెత్తండి."

ముత్యమ్మ రెండు చేతులూ ఎత్తింది.

"రెండెందుకు ముత్యమ్మా?"

"ఒకటి నాది, ఒకటి అరుణది. పిల్ల ఈడ లేకపాయె గద సారూ."

"గట్లయితే బాలరాజన్నది నేనెత్తుత," అన్నాడు కుమార్. "ఆయన ఉంటే పోదామనేటోడు."

"బాలరాజు ఈ షిఫ్టులనే లేడు గదరా. ఆయన చెయ్యి నీకెవడిచ్చిండు?" అంది ముత్యమ్మ.

రాని మనిషి తరఫున చెయ్యి ఎత్తవచ్చా లేదా అన్నదాని మీద బస్సు రెండు ముక్కలైంది. నర్సింహ ఇంజన్ ఆపి, తాను డ్రైవర్ కాబట్టి తనకు ఓటుందా లేదా అని అడిగాడు. ఈ గోలలో ఎవరో వెనక తలుపు నుంచి ఎక్కి కూర్చుని, పక్కవాళ్లను విషయం కనుక్కుని, చెయ్యి ఎత్తారు.

"జెర ఆగుదాం సార్," అంది అరుణ. "ఎవలో ఏమో, పాపం."

బస్సంతా నవ్వింది. ఆ నవ్వులు ఆగేదాకా సూర్యారావు గారు రైట్ చెప్పలేకపోయారు.

మూడో వారం ఇక మిగిలిన పద్ధతి ఒక్కటే. నేనేమీ చెప్పను, మీరంతా పెద్దవాళ్లు, మీకే తెలుసు అని ప్రకటించి ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. చౌరస్తాలో బస్సు ఆగింది. జనం ఎక్కారు. బస్సు అక్కడే నిలబడి ఉంది. బయట కూరగాయల ట్రాలీలు పోయాయి, వేరే ఫ్యాక్టరీల బస్సులు ఒకదాని వెనక ఒకటి పోయాయి. లోపల ఎవరి ఫోన్లో వాళ్లున్నారు. చివరికి ముత్యమ్మకు అనుమానం వచ్చింది.

"ఇగ ఎవల కోసం సూస్తున్నం?"

"అరుణ కోసమే గద," అన్నాడు కుమార్.

"నేనెప్పుడో ఎక్కిన," అంది అరుణ అతని వెనక సీట్లోంచి. "నువ్వెవలనన్న రమ్మన్నవేమో అనుకున్న."

"నేనెవల్ని రమ్మంట? నర్సన్నా, నువ్వెందుకు ఆపినవ్?"

"నాకు రైట్ జెప్పలే," అన్నాడు నర్సింహ, స్టీరింగ్ మీద గడ్డం ఆనించి.

బస్సు నిండుగా మనుషులుండి, రావలసినవాళ్లు ఎవరూ లేక, ఎవరికోసమో అంతసేపు ఆగిన బస్సు ఆ రోడ్డు మీద అదొక్కటే అయి ఉంటుంది.

ఆ మధ్యాహ్నమే అలేఖ్య స్టోర్స్‌కు వచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు, ఇబ్బంది ఉంది. "సార్, రేపు శనివారం గేటు దగ్గర నన్ను నిలబడమన్నారు. రేపూ లేటైతే సోమవారం నుంచి మీ బస్సు ఉండదు."

సాయంత్రం తిరుగు ప్రయాణంలో సూర్యారావు గారు లేచి నిలబడి విషయం చెప్పారు. ఎవరూ జోకు వేయలేదు. "ఈ మూడు వారాల్లో నాకు వచ్చిన విద్యలన్నీ మీమీద ప్రయోగించాను, క్షమించండి. రేపు ఒక్కరోజు మాత్రం ఎవరికోసమూ ఆగవద్దు. నేను రాకపోయినా సరే, ఆగవద్దు." చివరి మాట నవ్వుతూనే అన్నారు. ఆయన ఏనాడూ లేటుగా వచ్చిన మనిషి కాదు.

రెండేళ్లుగా ఆయనకు అలారంతో పని పడలేదు. అది మోగేలోపే స్నానం కూడా అయిపోతోందని పెట్టడమే మానేశారు. చీకట్లోనే మెలకువ వచ్చేసేది, ఆ తర్వాత పక్కన ఖాళీ మంచం, పైన ఫ్యాన్ చప్పుడు. ఆ రాత్రి మాత్రం, ఉన్న మాట నలుగురి ముందు చెప్పేసినందువల్లనో ఏమో, పడుకోగానే నిద్ర పట్టింది. చిన్నపిల్లాడిలా నిద్రపోయారు. కళ్లు తెరిచేసరికి గోడ మీద ఎండ పడి ఉంది.

ఆ ఎండను చూసి ఆయనకు ముందు హాయిగా అనిపించింది. తర్వాతే భయం వేసింది.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ గేటు తీసేసరికి బయట కొమురయ్య బండి స్టార్ట్ చేసి ఉంది. రెండు పక్కలా పాల క్యాన్లు వేలాడుతున్నాయి.

"కూసోండ్రి సార్, జల్దీ. మీ గల్లీలనే పాలు పోస్తున్న. అరుణ ఫోన్ జేసింది."

"బస్సు?"

"పోయింది సార్."

"రైట్ ఎవరు చెప్పారు?"

"ఇంకెవలు? మా ఆమెనే. ఇయ్యాల తొందరగ పాలు పిండి, అందరికంటె ముందుగాల్ల పోయి చౌరస్తాల నిలవడ్డది. మీరు రాలేదని సూసింది, పోనియ్యి అన్నదట. ఎంటనే నాకు ఫోన్. సారును ఇస్నాపూర్ల బస్సుకు అందియ్యకుంటె ఇంటికి రాకు అన్నది. నేనేడికి పోవాలె సార్?"

బస్సు పోయిందంటే సంతోషపడాలో చిన్నబుచ్చుకోవాలో తేల్చుకునేలోపే బండి హైవే ఎక్కింది. క్యాన్ల మధ్య కాళ్లు ఇరికించుకుని, కొమురయ్య భుజం పట్టుకుని కూర్చున్నారు. కంది దాటింది, రుద్రారం దాటింది. గతుకు వచ్చినప్పుడల్లా మూత సందులోంచి పాలు చింది ప్యాంటు మీద పడుతున్నాయి. పొద్దున్నే చల్లగాలి ముఖానికి కొట్టి ఎన్నాళ్లయిందో. ఉద్యోగంలో చేరిన కొత్తలో లక్ష్మీనరసమ్మ గారిని స్కూటర్ మీద ఎక్కించుకుని ఇదే దారిలో వెళ్తుంటే, "కాస్త గట్టిగా పోనివ్వండి, సైకిళ్లు కూడా మనల్ని దాటిపోతున్నాయి" అనేవారు ఆవిడ. గుర్తొచ్చి ఆయన కొమురయ్య వెనక తనలో తాను నవ్వుకున్నారు.

ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సు నిలబడి ఉంది. ఆయన కోసం కాదు. అక్కడ జనం ఎక్కువ ఎక్కుతారు. ఆఖరు మనిషి మెట్టు మీద ఉండగా కొమురయ్య బండిని తలుపు పక్కకు చేర్చాడు. ముందు సీటు దగ్గర అరుణ నిలబడి ఉంది. సూర్యారావు గారు ఎక్కగానే, ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా, డ్రైవర్ వైపు తిరిగి "రైట్" అంది.

బస్సు కదిలాక ఆమె ముఖం మారింది. "ఏమనుకోకుండ్రి సార్. ఇడిసిపెట్టి వచ్చినం."

"నేనే కదమ్మా చెప్పింది."

"మీరు జెప్పిండ్రు గని, మనసొప్పలే. గందుకే బండి పంపిన."

"సార్, పాల వాసనొస్తున్నది," అన్నాడు కుమార్. "బర్రె చేపిందా?"

ముత్యమ్మ అతని నెత్తి మీద ఒకటి వేసి, ఆయన ఒళ్లో పల్లీల పొట్లం పెట్టింది. "తినకుంటనే ఉరికొచ్చినట్టున్నవ్ సారూ." కిటికీ పక్క సీటు ఖాళీగానే ఉంది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర అలేఖ్య చేతి గడియారం చూసుకుంటూ ఉంది. బస్సు లోపలికి వచ్చింది, జనం దిగారు, ప్యాకింగ్ లైన్ వాళ్లు ఆమెను దాటి వెళ్లి కార్డులు పంచ్ చేసుకున్నారు. అప్పటికింకా సైరన్ మోగలేదు.

"టైముకు ముందే వచ్చారు సార్," అంది అలేఖ్య, ఊపిరి తీసుకుని. "మీ క్లాసులోది ఏ పద్ధతి వాడారు?"

"నిద్రపోయానమ్మా."

ఆమె నవ్వింది. ఆయన నవ్వకపోవడం చూసి ఆగింది. సూర్యారావు గారు ఉన్నదున్నట్టు చెప్పారు, ప్యాంటు మీద పాల మరకలతో సహా. "బోర్డు మీద ఆ పై మూలలో ఖాళీ కుర్చీ అని ఒకటి చెప్తుంటాను. ఇన్నాళ్లూ అందులో కూర్చోవలసిన మనిషి కోసం నేను బస్సు ఆపుతూ వచ్చాను. బస్సు ఉంటుందంటే, సోమవారం నుంచి అరుణను ఇన్‌ఛార్జిగా వేయండి."

"రోజూ లేటుగా వచ్చేది ఆవిడే కదా సార్?"

"అవునమ్మా. అయినా ఆవిడనే వేయండి."

బస్సు ఉంది.

సోమవారం పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో అందరూ ఎక్కారు. సూర్యారావు గారు కిటికీ పక్కన కూర్చుని జామకాయ కొరుకుతున్నారు. ముందు సీటు ఖాళీగా ఉంది. నర్సింహ అలవాటు చొప్పున వెనక్కి తిరిగి ఆయన వైపు చూశాడు.

"పోనియ్యాల్నా సార్?"

"నన్నడగకు నర్సింహా. ఇన్‌ఛార్జిని అడుగు."

"ఇన్‌ఛార్జి ఏది సార్?"

అప్పుడే మలుపు దగ్గర ఒక మనిషి కనిపించింది. ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో చెప్పులు. పరుగు ఆపకుండానే చెప్పుల చేతిని గాలిలో ఊపుతూ ఆమె అరిచింది.

"రైట్! పోనియ్యి నర్సన్నా! నా కోసం ఆగకు!"

నర్సింహ గేరు వేశాడు. ముత్యమ్మ తలుపు దగ్గరికి వచ్చి చెయ్యి చాచింది. అరుణ ఆ చెయ్యి అందుకుని మెట్టెక్కి, ఆయాసపడుతూ వచ్చి ముందు సీట్లో కూర్చుంది.