టబ్బులో ముంచిన గుడ్డు

పంక్చర్ షాపులో బావ మాటే వేదం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటాడు, నాలుగోది చూపిస్తే కళ్లు చెక్ చేయించుకోమంటాడు. వీధంతా ఆయన్ని గాలిబావ అంటుంది. ఆ పేరు పెట్టింది మరదలే. అక్కావాళ్ల దగ్గరే ఉంటూ షాపులో టైర్లకి గాలి కొట్టేది ఆమె కాబట్టి, ఆ మాత్రం హక్కు తనకుందనుకుంటుంది.

ఆ పొద్దున ఒక వ్యాను డ్రైవరు వచ్చి, గోడవారన పేర్చిన పాత టైర్లలో పైది కావాలన్నాడు. బావ దాన్ని లాగగానే లోపల్నుంచి గువ్వ రెపరెపలాడుతూ లేచి ఎదురుగోడ మీద వాలింది. టైరు లోపలి అంచున నాలుగు పుల్లలు, వాటి మీద ఒక తెల్లటి గుడ్డు. గువ్వ పొదుగుతోందని, ఆ టైరు జోలికి పోవద్దని మరదలు ముందే చెప్పింది. బావ చెవిన వేసుకుంటేగా!

“పాడుగుడ్డేలే ఇది. అవతల పారేస్తే పోలా?” అన్నాడు.

“పాడుదో కాదో లైటు పెట్టి చూస్తే తెలుస్తుంది. టార్చి తెస్తానుండు. దాన్ని ముట్టుకోకు బావా!”

ఆమె టార్చి వెతికి తెచ్చేసరికి గుడ్డు టబ్బులో ఉంది. ట్యూబుకి చిల్లెక్కడుందో ముంచి చూసే టబ్బు అది. సబ్బు, గ్రీజు, పైన నూనె తెట్టు. బావ గుడ్డుని నీళ్లలో అదిమిపట్టి, వంగి మరీ చూస్తున్నాడు.

“బుడగలొస్తున్నాయి చూశావా? లీకు. లోపలేమీ లేదు, చచ్చిందిది,” అని డ్రైవరుకి తీర్పు చెప్పాడు.

మరదలికి అరికాలిమంట నెత్తికెక్కింది. గుడ్డుని లాక్కుని షట్టరు వెనక చీకటి మూలకి పోయింది. గుప్పిట్లో పెట్టి అడుగునుంచి టార్చి వేసింది. గుడ్డంతా ఎర్రగా వెలిగింది. సన్నటి దారాల్లా రక్తనాళాలు, వాటి మధ్య ఒక చుక్క. ఆ చుక్క కొట్టుకుంటోంది.

“బతికే ఉంది! పెంకుకి కంటికి కనపడని చిల్లులుంటాయి బావా. లోపలి పిల్ల వాటితోనే ఊపిరి తీసుకుంటుంది. వాటికి నీ గ్రీజు పూశావు. ఇదేమన్నా ట్యూబనుకున్నావా?”

బావ ముఖం మాడిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తుడుస్తానని ఒక బట్ట తీశాడు. అదీ నూనె బట్టే. ఆమె దాన్ని విసిరికొట్టి, గుడ్డుని తన చున్నీతో అద్ది మళ్లీ టైర్లో పెట్టింది. డ్రైవరు వేరే టైరు తీసుకుని వెళ్లాడు. కాసేపటికి గువ్వ తిరిగొచ్చి గుడ్డు మీద కూర్చుంది.

బావ అంతటితో ఊరుకున్నాడా? వచ్చినవాళ్లందరికీ టైరు చూపించి, “గుడ్డు బతికుందని టెస్టు చేసి తేల్చింది నేనే,” అని మీసం దువ్వాడు. ఆమె పళ్లు నూరుకుంటూ గాలి కొట్టింది.

కొన్నాళ్లకి, గువ్వ మేతకి వెళ్లినప్పుడు ఆమె గుడ్డుని మళ్లీ చీకటి మూలకి తీసుకెళ్లి లైటు పెట్టి చూసింది. దారాలు చెదిరిపోయాయి. వాటి చోట ఒక నల్లటి వలయం. చుక్క కదల్లేదు. ఎంతసేపు చూసినా కదల్లేదు. ఆమె బావని చెయ్యి పట్టుకుని ఆ మూలకి ఈడ్చుకొచ్చింది.

“చూడు.”

చూశాడు. “కాస్త ఊపి చూడకపోయావా?” అన్నాడు.

“ఊపితే కదిలేది గుడ్డు బావా, పిల్ల కాదు!” ఆ అరుపుకి వీధిలో పోయేవాళ్లు ఆగిపోయారు. “టార్చి తెస్తానన్నాను. నేనొచ్చేదాకా ఆగలేకపోయావు. బతికుందో లేదో చూస్తానని చంపేశావు!”

ఆమె గుడ్డుని టైర్లో పెట్టేసింది. ఇంతలో గువ్వ వచ్చి, ముక్కుతో గుడ్డుని ఒకసారి దొర్లించి, రెక్కలు సర్దుకుని కూర్చుంది.

“దాన్ని తీసెయ్యవే. అదట్లా కూర్చుంటే నేను చూడలేను,” అన్నాడు బావ, తల దించుకుని.

“నేను తియ్యను,” అంది మరదలు. “తెలిసిందంటే అదే లేచిపోతుంది. అందాకా దాని ఎదురుగానే కూర్చుని పంక్చర్లు వేసుకో.”