మూడోసారి బూర ఊదినప్పుడు

మా నినియన్‌ని ఎవరేమన్నా నేను ఊరుకునేదాన్ని కాదు. కన్నది కార్నెథీ దొరసానే అయినా పాలిచ్చి పెంచింది నేను. నా కడుపున పుట్టిన ఫెర్కర్, వాడూ ఒకే కంబళి కింద తన్నుకుంటూ పెరిగారు. వాడికీ నేను అమ్మనే.

వాడు కార్నెథీకి దొర అంటే ఏదో పెద్ద సంస్థానం అనుకునేరు. కారే పైకప్పుతో ఒక బురుజు, చుట్టూ రాళ్ల కొండ, నాలుగు బక్క గొర్రెలు. ఆ మాత్రం దొరతనంతో ఎడింబరో వస్తే రాజుగారి కొలువులో వాణ్ణి పలకరించినవాడు లేడు.

వాడి రాత మారింది ఊరి పక్కన లీత్ రేవు ఇసుక నేలల్లో. కుర్ర రాజుకి గోల్ఫ్ పిచ్చి. ఆయనతో ఆడే దొరలంతా కావాలనే బంతిని తుప్పల్లోకి కొట్టేవాళ్లు. మావాడికి ఆ లౌక్యం ఎక్కడిది? రాజుని చిత్తుగా ఓడించి, "పందెం, ప్రభూ" అని చెయ్యి చాపాడు. చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు మాడిపోయాయని కర్రలు మోసిన ఫెర్కర్ ఇంటికొచ్చి పడీపడీ నవ్వాడు. రాజు మాత్రం పందెం ఇచ్చేసి, "నాతో నిజంగా ఆడినవాడివి నువ్వొక్కడివే. రేపు కూడా రా" అన్నాడట.

ఇంకేముంది, రాజుగారి పడకగది తాళాలు మావాడి నడుముకి వేలాడాయి. భూములొచ్చాయి. కానన్‌గేట్ వీధిలో గాజు కిటికీల ఇల్లొచ్చింది. ఆ ఇంటి పెత్తనమంతా నాదే. పనుల కోసం వాకిట్లో పడిగాపులు కాసే దొరలకి ఎవరికి చిక్కటి బీరు పోయించాలో, ఎవరికి పలచటిది పోయించాలో నా ఇష్టం. టోర్డఫ్ ప్రభువుకి ఎప్పుడూ పలచటిదే. మావాడంటే ఆయనకి కడుపుమంట, అది నాకు తెలుసు.

ఎప్పుడు మొదలైందో గానీ, మావాడు ఓడిపోవడం నేర్చుకున్నాడు. "ఇవాళా ఒక్క దెబ్బ తేడాతో రాజే గెలిచాడు" అని ఫెర్కర్ చెప్తే నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏరా, చేతులు పడిపోయాయా?" అని నినియన్‌ని నిలదీశాను.

"అప్పుడు పోయేదేం లేదమ్మా. ఇప్పుడు చాలా ఉంది" అన్నాడు, నా మొహం చూడకుండా.

ఆ వేసవిలో రాజు చూపు సరిహద్దు అవతల పడింది. కోతలు కాగానే ఇంగ్లండ్ మీదికి దండెత్తాలని టోర్డఫ్ ఆయన్ని ఎగదోశాడు. ప్రతి దొరా తన మనుషుల్ని తేవాల్సిందే. కార్నెథీ వాళ్లలో బల్లెం పట్టి ముందు వరసలో నిలబడేది ఫెర్కరే. తుపాకి మందు తడిసిపోయిందనీ, ఫిరంగులు లాగడానికి ఎడ్లు చాలవనీ, అవతల సైన్యం మనకి రెట్టింపనీ నినియనే నా వంటింట్లో కూర్చుని ఓట్స్ రొట్టె నములుతూ చెప్పాడు.

"మరి ఆ ముక్క రాజుకి చెప్పావా?"

"నన్నింకా అడగలేదు. రేపు సభలో అడుగుతాడు."

"ఏం చెప్తావు?"

రొట్టె పక్కన పెట్టేశాడు. "అందరూ సరే అన్నారమ్మా. నేనొక్కణ్ణే కాదంటే ఈ ఇల్లూ ఉండదు, నేనూ ఉండను."

"ఇద్దరికీ చెరో వైపు పాలిచ్చి పెంచాన్రా. నువ్వు నోరు మూసుకున్నందుకు వాడు చావాలా? ఊరేగు నీ గాజు కిటికీలు కట్టుకుని."

"ఊరుకోవే అమ్మా" అన్నాడు పొయ్యి పక్కనున్న ఫెర్కర్. నేనెందుకు ఊరుకుంటాను? వాడి ప్రాణం ఆ ఒక్క మాట మీద ఉంది.

మర్నాడు సభ గుమ్మం దగ్గర ఫెర్కర్ నిలబడి ఉన్నాడు, అంతా విన్నాడు. మావాడి వంతు రాగానే, "వద్దు ప్రభూ. మందు తడిసింది. మనవాళ్లు చస్తారు, మీరు ఓడిపోతారు" అన్నాడట.

"ఇన్నాళ్లూ నా మాటకి ఎదురు చెప్పలేదే?" అన్నాడు రాజు.

"ఇన్నాళ్లూ గోల్ఫ్ కూడా కావాలనే ఓడిపోయాను ప్రభూ."

అది మాత్రం చెప్పకుండా ఉండాల్సింది, వెర్రి నాగన్న. రాజు మొహం కందగడ్డ అయిపోయింది. "ఇంగ్లండ్ సొమ్ము తిన్నవాడి మాటలివి" అని టోర్డఫ్ అందుకున్నాడు. రాజు ఆయన్ని ఆపలేదు.

నినియన్ ఇంటికొచ్చి, "అంతా పోయిందమ్మా" అన్నాడు.

"పోతే పోనీ. భటులు రాకముందే ఇద్దరూ లీత్‌కి పరిగెత్తండి, డెన్మార్క్ పడవ ఉంది" అని ఉప్పు చేపలు, రొట్టెలు మూటగట్టి పెరటి దారిన పంపేశాను. నినియన్‌ని దగ్గరికి తీసుకోవడానికి కూడా తీరిక లేకపోయింది.

రెండోనాడు బజారు నడుమ రాతి శిలువ దగ్గర నినియన్ పేరు చదివి బూర ఊదారు. మూడుసార్లు ఊదితే ఆ మనిషి రాజుకి శత్రువైనట్టే, వాడికి నిప్పిచ్చినా నేరమే. పగ చల్లారక ఫెర్కర్ పేరు కూడా చేర్పించాడు టోర్డఫ్. పక్కింటి ఎల్‌స్పెత్ పరిగెత్తుకొచ్చింది. దాని కొడుకులిద్దరూ టోర్డఫ్ దండులో ఉన్నారు, ఆ గర్వం దానికి బోలెడు.

"ఎంత పనయిందే మారియట్. నీ పిల్లలిద్దరూ ద్రోహులైపోయారే."

నేను బల్ల మీద కూలబడి నవ్వాను. మతి పోయిందనుకుంది. ద్రోహి చేతికి రాజుగారి బల్లెం ఇవ్వరన్న సంగతి దానికి తట్టలేదు. టోర్డఫ్‌కీ తట్టలేదు.

కోతలయ్యాక సైన్యం డప్పులతో వెళ్లింది. చలి మొదలయ్యాక తిరిగొచ్చింది. వెళ్లినవాళ్లలో సగం కూడా లేరు, ఎల్‌స్పెత్ కొడుకులు ఆ వచ్చినవాళ్లలో లేరు. గాజు కిటికీల ఇంట్లోంచి నన్ను గెంటేశారు గనక అప్పటికి నేను దాని ఇంటి వెనక గదిలోనే ఉంటున్నాను. ఒకరోజు వచ్చి నా పొయ్యి దగ్గర కూర్చుంది.

"నీ పిల్లల సంగతేమైనా తెలిసిందా?" అని అడిగింది.

ఆ పొద్దున్నే లీత్ నుంచి ఒక పడవవాడు వచ్చి, ఇద్దరూ కులాసాగా ఉన్నారని, ఫెర్కర్‌కి పెళ్లి కూడా కుదిరిందని చెప్పి వెళ్లాడు.

"ఇంకా ఏం తెలియలేదమ్మా" అన్నాను. దాని గిన్నెలో వేడి బార్లీ గంజి పోశాను.